మౌస్ వల్ల వచ్చిన నొప్పి

3 జూలై 2007, మంగళవారం

రేపల్లె క్లాసు మొదలైంది. బియ్యం కొట్టు పైన గది. నాలుగు కంప్యూటర్లు, రెండు ఫ్యాన్లు, కింద నుంచి తవుడు వాసన. ట్రస్టు కోఆర్డినేటర్ అంద్రెయగారు తెనాలి నుంచి నాతోపాటే రైల్లో వచ్చి గోడకు బ్యానర్ కట్టించారు. ‘దీర్ఘకాలిక రోగులకు ఉచిత ఇంటర్నెట్ శిక్షణ’ అని ఉంది దాని మీద. దాని కింద అందరినీ నిలబెట్టి ఫొటో తీశారు. నవ్వమన్నారు. కొందరు నవ్వారు.

షుగరు, కిడ్నీ, కీళ్ళు, ఉబ్బసం. మనిషికో జబ్బు, కొందరికి రెండు. జీవితాంతం జబ్బుతో ఉండాల్సినవాళ్ళు దాని గురించి తామే చదివి తెలుసుకోవాలని, డాక్టరుకు మెయిల్ రాయడం, తమలాంటివాళ్ళతో మాట్లాడుకోవడం నేర్చుకోవాలని ట్రస్టు వాళ్ళ ఆలోచన. మంచి ఆలోచనే. మంగళవారం రేపల్లె, గురువారం బాపట్ల, శనివారం తెనాలి. తిరిగే ఉద్యోగం కాబట్టి ఆరోగ్యంగా ఉన్న మనిషి కావాలని ఇంటర్వ్యూలో అన్నారు. ఆరోగ్యంగానే ఉన్నానన్నాను.

మౌస్ పట్టుకోవడం నేర్పేసరికి క్లాసు అయిపోయింది. రోజంతా ఆ మౌస్‌తోనే కదా, కుడిచేతి వేళ్ళు కొంచెం వాచాయి.

5 జూలై, గురువారం

ఎడమచేతి వేళ్ళు కూడా వాచాయి. ఎడమచేత్తో నేను మౌస్ పట్టుకోను. బ్యాగు మోయడం వల్ల అయుంటుంది.

10 జూలై, మంగళవారం

రేపల్లెలో అబ్దుల్లాగారు అందరికంటే ముందొచ్చి కూర్చుంటారు. స్టేషను వెనక ఇల్లు. ఒంట్లో బాగున్న రోజుల్లో ట్రంకు పెట్టెలు చేసేవారట. రెండు కిడ్నీలూ పాడయ్యాక వారానికి రెండుసార్లు గుంటూరు వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్నారు. చీకటితో రైలెక్కితే చీకటిపడ్డాక ఇల్లు చేరడం. సూదులు గుచ్చే ఎడమచేతి మీద నరం ఉబ్బి ఉంది. ముట్టుకుంటే లోపల చిన్న మిషను ఆడుతున్నట్టుంటుంది. క్లాసులో అందరిచేతా ముట్టించారు, సొంత ఇంజను చూపించినట్టు.

కీబోర్డు మీద ఒక్కో అక్షరాన్నీ సుత్తితో కొట్టినట్టు కొడతారు.

“మెల్లగా బాబాయిగారూ” అన్నాను.

“మెల్లగా కొడితే రేకు వంగదమ్మా” అన్నారు.

ఆయన భార్య జానీ బీ తోడుగా వస్తుంది. ఆమెకు షుగరుంది గానీ క్లాసులో పేరు రాయించుకోలేదు. “ఇంటికో రోగి చాలు టీచరమ్మా” అంది. వెనక కుర్చీలో కూర్చుని, భర్త భుజం మీంచి కంప్యూటరు వైపు చూస్తూ ఉంటుంది.

ఇంటర్నెట్ నేర్చుకుని ఏం చేస్తారని అందరినీ అడిగాను. అబ్దుల్లాగారు చెప్పింది ఇది: “రంజాన్ నెల వచ్చేలోపు దీనికి మందేదైనా ఉందేమో చూస్తాను. నిరుడు రోజా ఉండొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పేశారు. ఇల్లంతా ఉపవాసం ఉంటే నేనొక్కణ్ణి వంటింట్లో తలుపేసుకుని అన్నం తిన్నానమ్మా.”

జానీ బీ నేల చూపులు చూసింది.

12 జూలై, గురువారం

బాపట్ల. ఇక్కడ చంద్రకళగారని రిటైరైన లెక్కల టీచరు ఉన్నారు. కీళ్ళవాతం. చేతివేళ్ళన్నీ చిటికెనవేలు వైపుకి ఒరిగిపోయాయి. పిడికిట్లో పెన్సిలు పట్టుకుని, రబ్బరున్న వైపుతో కీబోర్డు మీద టకటకా కొడతారు. నా కంటే వేగం.

“ఈ మౌస్ కనిపెట్టినవాడికి కీళ్ళు బాగున్నట్టున్నాయి” అన్నారు.

ఇంటర్వెల్‌లో టీ తెచ్చారు. గ్లాసు వేళ్ళతో పట్టుకోవడం కష్టమై రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగాను. చంద్రకళగారు చూశారు.

“చలేస్తోందా అమ్మాయ్?”

“అవునండి” అన్నాను. గదిలో ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళు కూడా చెమటలు తుడుచుకుంటున్నారు.

15 జూలై, ఆదివారం

మాత్ర వేసుకునే రోజు. వారానికి ఒకసారే. జూన్‌లో గుంటూరు డాక్టరుగారు పరీక్షలన్నీ చూసి ఒక జబ్బు పేరు చెప్పారు. డాక్టర్లన్నాక ఏదో ఒక పేరు చెప్పాలి కదా. జీవితాంతం వాడాలి, మానేస్తే వేళ్ళు వంకర్లు పోతాయి అని కూడా అన్నారు. మాత్రలు కుట్టుమిషను సొరుగులో పెట్టాను. మా ఆయన కృష్ణకాంత్‌కి మిషను అవసరం ఉండదు. ఆయనకి ఎలక్ట్రికల్ షాపే లోకం. చెయ్యేంటి వాచిందని ఒకసారి అడిగితే మౌస్ వల్ల అన్నాను. నమ్మారు.

నాలుగు కంప్యూటర్లకు ఇంటర్నెట్ ఉంది, నాకు వెతకడం వచ్చు. అయినా ఆ పేరు కొట్టి చూడలేదు. టైము ఉండటం లేదు.

17 జూలై, మంగళవారం

ఇవాళ రేపల్లెలో పాఠం, వెతకడం. పెట్టెలో మాట కొట్టాలి, బటను నొక్కాలి, వచ్చిన వాటిలో ఒకటి తెరవాలి. అబ్దుల్లాగారు కిడ్నీ స్పెల్లింగు అడిగి రాసుకుని, సుత్తి దెబ్బలతో కొట్టారు. మొదట వచ్చిన పేజీయే తెరిచారు. తెల్లకోటు, నెరిసిన గడ్డం ఉన్న ఒకాయన బొమ్మ, పక్కన ఆకుపచ్చ డబ్బా. అంతా ఇంగ్లీషు.

“చదివి చెప్పమ్మా” అన్నారు.

చదివి తెలుగులో చెప్పాను. డయాలసిస్ అలవాటైతే కిడ్నీ సోమరిపోతు అవుతుందట, మానేస్తే మళ్ళీ లేచి పనిచేస్తుందట. ఈ పొడి పూటకో చెంచా వేసుకుని కొబ్బరినీళ్ళు, పళ్ళరసాలు బాగా తాగాలట. మొదట్లో వాపు, ఆయాసం పెరుగుతాయి, అది మందు పట్టిందనడానికి గుర్తు, కంగారుపడి ఆసుపత్రికి పోవద్దు అని కూడా ఉంది. కింద బాగైనవాళ్ళ ఉత్తరాలు. అబ్దుల్లాగారు ఒక్కోదాన్నీ రెండేసి సార్లు చదివించుకున్నారు.

ఇలాంటివన్నీ నమ్మకూడదని చెప్పాను.

ఆ పేజీ అంచున వేరే జబ్బుల పేర్లు వరసగా ఉన్నాయి. కీళ్ళు కూడా ఉంది.

21 జూలై, శనివారం

ఆ పేజీ నుంచి ఒక డబ్బా తెప్పిస్తున్నాను. కీళ్ళది. విద్యార్థులకు చెప్పేముందు టీచరు పరిశీలించాలి కదా. పార్శిల్ తెనాలి ఆఫీసు అడ్రసుకి రమ్మన్నాను.

2 ఆగస్టు, గురువారం

బాపట్ల రైలు దిగేటప్పుడు ప్లాట్‌ఫారం మరీ కిందికున్నట్టనిపించింది. మోకాళ్ళు. రైల్వే వాళ్ళు చూసుకోవాలి.

5 ఆగస్టు, ఆదివారం

డబ్బా నిన్న వచ్చింది. ఇంగ్లీషు మాత్రలు పక్కన పెడితేనే పొడి పనిచేస్తుందని లోపల కాగితంలో ఉంది. పరిశీలన సరిగ్గా జరగాలంటే చెప్పినట్టు చెయ్యాలి. ఇవాళ మాత్ర వేసుకోలేదు.

7 ఆగస్టు, మంగళవారం

రేపల్లె క్లాసులో సీడీ తీస్తుంటే బ్యాగులోంచి డబ్బా బల్ల మీద పడింది. అబ్దుల్లాగారు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. రేకు మంచిదేనన్నారు. తర్వాత గడ్డం ఆయన బొమ్మ చూశారు.

“మీరూ తెప్పించారా అమ్మా?”

“మా చుట్టాలావిడకి” అన్నాను.

ఆయన డబ్బా జాగ్రత్తగా నా చేతికిచ్చారు.

16 ఆగస్టు, గురువారం

పచ్చడి సీసా మూత ఇట్టే వచ్చింది. కిందటి నెల పళ్ళతో కొరికినంత పని చేశాను. పొడి పట్టినట్టుంది.

అయితే వేళ్ళు ఇంకా వాచాయి. మొదట్లో అలా ఉంటుందని రాశారుగా.

21 ఆగస్టు, మంగళవారం

అబ్దుల్లాగారు మహా హుషారుగా ఉన్నారు. సీసాలో కొబ్బరినీళ్ళు తెచ్చుకుని మధ్యమధ్య తాగుతున్నారు. మామూలుగా ఆయన నీళ్ళు గుక్కెడు గుక్కెడు లెక్కన తాగేవారు. ఇప్పుడు అంత జాగ్రత్త లేదు.

“ఎల్లుండి గుంటూరు ప్రయాణమేగా బాబాయిగారూ” అన్నాను.

“ఈసారికి వేరే పనుంది” అన్నారు.

జానీ బీ నా వైపు చూసింది. ఏదో అడగబోయినట్టనిపించింది. నాకూ ఒక మాట అడగాలనిపించింది. రైలు టైమైంది.

28 ఆగస్టు, మంగళవారం

మధ్యాహ్నం క్లాసుకి అబ్దుల్లాగారు రాలేదు. జానీ బీ రాలేదు. క్లాసు సగంలో ఆపేసి స్టేషను వెనక వాళ్ళిల్లు అడుక్కుంటూ వెళ్ళాను.

గుమ్మం పక్కన కొబ్బరిబొండాలు కుప్పగా ఉన్నాయి. లోపల ఆయన మంచం మీద దిండ్లు పేర్చుకుని ఆనుకుని కూర్చున్నారు. పడుకుంటే ఊపిరాడటం లేదట. మొహం ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. కిటికీలో ఆకుపచ్చ డబ్బా.

“రా అమ్మా” అన్నారు. మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి పీల్చుకుంటున్నారు. “మందు పట్టింది. ఆయాసం వచ్చింది చూడు. మీరు చదివారుగా.”

“డయాలసిస్ ఎప్పుడు మానేశారు?”

“డబ్బా వచ్చిన రోజే” అంది జానీ బీ. “నేను వద్దన్నాను టీచరమ్మా. టీచరమ్మే తెప్పించుకుంది, నీకేం తెలుసు అన్నారు. చదువుకున్న మనిషి ఊరికే తెప్పించుకోదు కదా అని నేనూ ఊరుకున్నాను.”

నేను గోడకి ఆనుకున్నాను. తర్వాత గుంటూరు ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఏం తాగారని అడిగి, కొబ్బరినీళ్ళనగానే అవతలి మనిషి గొంతు మారింది. గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది, దారిలో ఎక్కడా ఆగకండి అన్నారు.

స్టేషను దగ్గర అద్దె కారు మాట్లాడి తెచ్చాను. అబ్దుల్లాగారు రానన్నారు. ఇంకొక్క వారం ఓపిక పడితే రంజాన్‌కి బాగైపోతానన్నారు.

“బాబాయిగారూ, ఆ డబ్బా మా చుట్టాలావిడకి కాదు. నాకే. నాకు కీళ్ళవాతం. అది తిన్నాక ఇదిగో చూడండి” అని రెండు చేతులూ ఆయన ముందు చాపాను. పిడికిలి బిగించి చూపించబోయాను. వేళ్ళు సగం దాకా వచ్చి ఆగిపోయాయి.

ఆయన నా చేతుల వైపు చాలాసేపు చూశారు. పనివాడు సరుకు నాణ్యం చూసినట్టు చూశారు. తర్వాత జానీ బీ భుజం పట్టుకుని లేచారు.

కారు తలుపు హేండిల్ నా చేత కాలేదు. జానీ బీ తీసింది.

కారు తెనాలి దాటి అంగలకుదురు చేరింది. ఆయన తల జానీ బీ ఒళ్ళో ఉంది. ఆమె పెదవులు కదులుతున్నాయి, దువా చేసుకుంటోంది. ఒకసారి ఆపి, “మీరు చదివేటప్పుడు ఇది అబద్ధం అని ఒక్కమాట అనుంటే బాగుండేది” అంది. కోపంగా అనలేదు. కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు అంది.

జూలైలో నమ్మకూడదని చెప్పాను అని పైన రాసుకున్నాను. చెప్పలేదు. ఆ కీళ్ళ పేజీ ఎలా తెరవాలా అని చూస్తున్నాను అప్పుడు.

ఆసుపత్రిలో ఆయన్ని సరాసరి లోపలికి తీసుకెళ్ళిపోయారు. డ్యూటీ డాక్టరు కుర్రవాడు, బయటికొచ్చి అడిగాడు.

“ఈ పొడి ఎక్కడిది?”

“ఇంటర్నెట్‌లో చూసి తెప్పించారు.”

“ఆయనకి ఇంటర్నెట్ ఎవరు చూపించారు?”

“నేనండి.”

“మీరెవరు?”

“ఇంటర్నెట్ టీచర్ని.”

అతను రాసుకోవడం ఆపి నన్ను చూశాడు. మళ్ళీ రాసుకున్నాడు.

29 ఆగస్టు, బుధవారం

బతికారు. గుండె కొట్టుకోవడం ఒక దశలో బాగా తప్పిందట. మిషను మీద పెట్టాక మెల్లగా దారికొచ్చిందట. ఇంకొన్నాళ్ళు అక్కడే ఉంచుతారు.

30 ఆగస్టు, గురువారం

బాపట్ల వెళ్ళాలనిపించలేదు. ఇదే చివరి క్లాసనుకుని వెళ్ళాను. అందరూ వెళ్ళిపోయాక చంద్రకళగారు ఉండిపోయారు.

“ఎన్నాళ్ళయింది నీకు?” అన్నారు.

ఏంటని అడగబోయాను. ఆవిడ నా వేళ్ళ వైపు చూస్తున్నారు. అడగడం అనవసరం.

“జూన్‌లో చెప్పారండి.”

“మందు వాడుతున్నావా?”

“మానేశాను.”

రేపల్లె సంగతి, డబ్బా సంగతి అంతా చెప్పాను. ఆవిడ నడుమ అడ్డు రాలేదు. అయ్యాక తన రెండు చేతులూ బల్ల మీద పెట్టారు, బోర్డు మీద లెక్క చూపించినట్టు.

“నేనూ మానేశాను, చిన్నప్పుడు కాదు, నీ వయసులోనే. ఒకాయన ఏదో వేరు నూనెలో కాచి ఇచ్చేవాడు. రెండేళ్ళు రాసుకున్నాను. ఆ రెండేళ్ళ ఫలితం ఇవి. తర్వాత మందు మొదలుపెట్టినా వంగినవి వంగినట్టే ఉండిపోయాయి. అప్పుడు ఇంటర్నెట్ లేదమ్మాయ్. మోసపోవడానికి కంప్యూటరు అక్కర్లేదు.”

“నేను ఈ పని మానేస్తానండి.”

“మానేసి ఏం చేస్తావు?”

నేను కంప్యూటర్లు ఆపడం మొదలుపెట్టాను.

“వెతకడం నేర్పావు. బాగానే నేర్పావు. దొరికినదాంట్లో ఏది చెత్తో చెప్పలేదు. సగం పాఠం చెప్పి టీచరు వెళ్ళిపోతే మా స్కూల్లో హెడ్మాస్టరు ఊరుకునేవాడు కాదు” అన్నారు. పెన్సిలు సంచిలో వేసుకుని, వెళ్తూ వెళ్తూ, “ముందు మాత్ర వేసుకో” అన్నారు.

31 ఆగస్టు, శుక్రవారం

కృష్ణకాంత్‌కి చెప్పాను. భోజనం అయ్యాక, మజ్జిగ తాగుతుంటే. నాకు కీళ్ళవాతం అన్నాను, మౌస్ వల్ల కాదు అన్నాను.

“ఊఁ” అన్నారు.

“ఊఁ ఏంటి?”

“మౌస్ వల్ల మోకాళ్ళెందుకు నొప్పొస్తాయి జ్యోతీ.”

“మరి అడగలేదే?”

“నువ్వు చెప్పదలుచుకోలేదని.” మజ్జిగ గ్లాసు కింద పెట్టి, “సీసాల మూతలన్నీ పొద్దున్నే వదులు చేసి పెడుతున్నాను. షాపుకెళ్ళే ముందు” అన్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళి చూశాను. పచ్చడి, నెయ్యి, కాఫీ పొడి. అన్ని మూతలూ ఊరికే పైన పెట్టి ఉన్నాయి. పొడి మహిమ అనుకున్నది ఇది. నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఏడుపుగా మారింది. ఆయన వెనక్కొచ్చి నిలబడ్డారు గానీ ఏం చెయ్యాలో తెలియక నెయ్యి సీసా మూత ఇంకాస్త వదులు చేశారు.

సోమవారం గుంటూరు ఇద్దరం వెళ్తున్నాం.

1 సెప్టెంబరు, శనివారం

తెనాలి ఆఫీసులో అంద్రెయగారికి మొత్తం చెప్పి, ఉద్యోగం మానేస్తానన్నాను. ఆయన చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి కూర్చున్నారు.

“మీ విద్యార్థి ప్రాణం పోయేదమ్మా.”

“అవునండి.”

“నేను హైదరాబాదుకి చెప్పాలి. దాచలేను.”

“చెప్పండి.”

“ఆరోగ్యం సంగతి కూడా చెప్పాలి.”

“చెప్పండి.”

పెన్ను మూత పెట్టేసి, “అయితే మిమ్మల్ని టీచర్ల కింద చూపించాలా, లబ్ధిదారుల కింద చూపించాలా?” అన్నారు. వేళాకోళం కాదు. ఆయనకి నిజంగానే తెలియలేదు.

హైదరాబాదు నుంచి జవాబు వచ్చేదాకా క్లాసులు నడపమన్నారు. వేరే టీచరు లేరు.

3 సెప్టెంబరు, సోమవారం

గుంటూరు డాక్టరుగారు తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. ఎక్స్‌రే పైకెత్తి చూసి, జబ్బు ఇంకా ఎముకని తినలేదు, మీ అదృష్టం అన్నారు. మాత్ర మళ్ళీ మొదలు. ఆ జబ్బు పేరు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. రాసినంత మాత్రాన ఏమీ కాలేదు.

4 సెప్టెంబరు, మంగళవారం

రేపల్లె. అందరికీ అబ్దుల్లాగారి సంగతి తెలిసిపోయింది. ఎవరూ కంప్యూటరు ముట్టుకోలేదు. పాములపుట్ట చుట్టూ కూర్చున్నట్టు దూరంగా కుర్చీలేసుకున్నారు.

నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. నాకూ జబ్బుందని, నేనూ అదే పొడి తిన్నానని చెప్పాను. ఇంతలో జానీ బీ మెట్లెక్కి వచ్చింది. ఒక్కతే. సరాసరి వెళ్ళి అబ్దుల్లాగారి కుర్చీలో కూర్చుంది.

“ఇవాళ ఆయన బదులు నేను” అంది.

మౌస్ పట్టుకుంది. కంప్యూటరు తెరిచింది, పెట్టెలో మాట కొట్టింది, గడ్డం ఆయన పేజీ ముందుకు తెచ్చింది. ఎక్కడా తడుముకోలేదు. ఇన్నాళ్ళూ వెనక కూర్చుని చూస్తూనే అంతా నేర్చేసుకుంది.

“ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించు టీచరమ్మా. ఇంకోసారి మాకై మాకు తెలియాలి.”

అందరూ కుర్చీలు దగ్గరకి లాక్కున్నారు. నేను ఒక్కో ముక్కా చదివి తెలుగులో చెప్పాను. ఈసారి చదివి ఊరుకోలేదు. ఈ డాక్టరు పేరేంటి, ఎక్కడ చదివాడు, ఏ ఊళ్ళో ఉంటాడు అని వాళ్ళనే వెతకమన్నాను. పేరు లేదు. ఊరు లేదు. డబ్బాకి ఆర్డరిచ్చే నంబరొక్కటే ఉంది. ఉబ్బసం ఉన్న ఒకాయన, బాగైనవాళ్ళ ఉత్తరాలన్నీ ఒకేలా ఉన్నాయని పట్టుకున్నారు. వాడుతున్న మందు మానేయమని ఎందుకు రాశారని జానీ బీ అడిగింది. నేను జవాబు చెప్పేలోపు తనే, “అది వాడుతూ ఉంటే ఇది పనిచెయ్యదని తెలిసిపోతుంది” అంది.

తర్వాత ఒక పెద్దాసుపత్రి వాళ్ళ పేజీ తెరిపించాను. డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి కొబ్బరినీళ్ళు ఎందుకు పనికిరావో అక్కడ ఉంది. జానీ బీ రెండుసార్లు చదివించుకుంది. మూడోసారి అక్కర్లేదంది.

13 సెప్టెంబరు, గురువారం

హైదరాబాదు జవాబు వచ్చింది. క్లాసులు సాగించవచ్చట. ప్రతి సెంటర్‌కీ ఒక డాక్టరు నెలకోసారి వచ్చి కూర్చోవాలట, వెతకడం కంటే ముందే పేజీని పరీక్షించడం నేర్పాలట. అంద్రెయగారు నన్ను రెండు చోట్లా రాసుకున్నారు. సంఖ్య పెరిగిందని కాస్త సంతోషంగానే ఉన్నారు.

25 సెప్టెంబరు, మంగళవారం

అబ్దుల్లాగారు వచ్చారు. చిక్కిపోయారు. అందరూ లేచి నిలబడ్డారు, ఆయనకి అది నచ్చలేదు. కూర్చోమన్నారు.

నేను ఆయన దగ్గరికి వెళ్ళి, “నా వల్లే బాబాయిగారూ” అన్నాను.

“కొంత నీవల్ల” అన్నారు. “కొంత ఆ గడ్డపోడి వల్ల. మిగతాది నా ఆశ. రోజా ఉండాలని అంత పట్టు పట్టాను. మా మసీదు పెద్దాయన వచ్చి, జబ్బు మనిషికి దేవుడే మినహాయింపు ఇచ్చాడు, నీకేంటి తొందర అన్నారు. ఇప్పుడు వసారాలోనే కూర్చుని తింటున్నాను. తలుపెయ్యట్లా.”

తర్వాత ఆ పేజీ తెరవమన్నారు. బాగైనవాళ్ళ ఉత్తరాల కింద మనం కూడా రాసి పంపే చోటు ఉంది. తనకు జరిగింది తను రాస్తానన్నారు, తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో. నేను కొడతానంటే ఒప్పుకోలేదు. క్లాసంతా దానికే సరిపోయింది. పంపారు.

2 అక్టోబరు, మంగళవారం

అబ్దుల్లాగారి ఉత్తరం ఆ పేజీలో వెయ్యలేదు. మళ్ళీ పంపారు.

9 అక్టోబరు, మంగళవారం

మళ్ళీ వెయ్యలేదు. “వాడి ఇంట్లో నా మాట వాడెందుకు వేస్తాడు. మనకే ఒక ఇల్లుంటే?” అన్నారు.

ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలు వచ్చే సౌకర్యం ఒకటుంది. దానితో ఉచితంగా ఒక పేజీ తెరిచాం. మూడు ఊళ్ళవాళ్ళూ అందులో రాయొచ్చు. మొదటి ఉత్తరం అబ్దుల్లాగారిది. పొడి పేరు, తను ఏం తాగారు, ఏం మానేశారు, కారులో ఎలా వెళ్ళారు, అన్నీ ఉన్నాయి. టీచరు కూడా తిన్నదని రాయాలా అని నన్ను అడిగారు. రాయండి అన్నాను. రాశారు.

11 అక్టోబరు, గురువారం

బాపట్లలో చంద్రకళగారు ఆ ఉత్తరం చదివి, తప్పులన్నీ దిద్ది, పెన్సిలుతో కొట్టి అబ్దుల్లాగారికి మెయిల్ పంపారు. ‘ఆయాసం’ వత్తులు పెట్టి రాశారట. ఇద్దరూ ఒకరినొకరు చూడలేదు. ఆయన జవాబులో, ఆయాసం వచ్చినవాడికి తెలుస్తుందమ్మా వత్తు పెట్టాలో అక్కర్లేదో అని రాశారట. ఆవిడ నాకు చూపించి, “మొండి విద్యార్థి” అన్నారు. ముచ్చటపడ్డట్టే ఉంది.

నా పిడికిలి ఇంకా పూర్తిగా మూసుకోవడం లేదు. మందు పనిచేయడానికి నెలలు పడుతుందట.

23 అక్టోబరు, మంగళవారం

రంజాన్ పండగ అయ్యాక మొదటి క్లాసు, కిందటి మంగళవారం సెలవిచ్చాం. జానీ బీ అందరికీ సేమియా తెచ్చింది, షుగరువాళ్ళకి వేరే గిన్నెలో చక్కెర లేకుండా. తనూ ఆ గిన్నెలోదే తింది.

పేజీకి ఒక ఉత్తరం వచ్చి ఉంది. కాకుమాను నుంచి ప్రమీలారాణి అనే అమ్మాయి రాసింది. వాళ్ళమ్మకి డయాలసిస్. ఇంక నా వల్ల కాదు, రేపటి నుంచి పోను, ఆ పొడే వాడతాను అని కూర్చుందట. డబ్బా వచ్చేసిందట. పొడి పేరు తెలుగులో వెతికితే ఈ ఉత్తరమొక్కటే దొరికిందట. మీరు నిజం మనిషేనా అని అడిగింది.

అబ్దుల్లాగారు చదివించుకుని కళ్ళజోడు తుడుచుకున్నారు. కొట్టడం మొదలుపెట్టారు. నా రైలు వెళ్ళిపోయింది. ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. అయ్యాక నా వైపు తిరిగి, “పంపమంటారా?” అన్నారు.

“పైకి చదవండి, అందరం విందాం” అన్నాను.

చదివారు. “అమ్మా, నేను నిజం మనిషినే. రేపల్లె స్టేషను వెనక ఇల్లు. డాక్టర్ని కాదు, ట్రంకు పెట్టెలు చేసేవాణ్ణి. ఆ పొడి తిని చావబోయాను. మీ అమ్మగారికి విసుగొచ్చింది, తప్పు లేదు. గుంటూరు రైలంటే నాకూ విసుగే. మానొద్దని చెప్పు. విసుగొచ్చినప్పుడు నాకు రాయమను. మంగళవారం చూస్తాను.”

“ఆవిడ మానేసేది రేపు. మీరు చూసేది మంగళవారం” అంది జానీ బీ.

అబ్దుల్లాగారు ఆలోచించారు. ఇంటి ఫోన్ నంబరు ఒక్కో అంకే గట్టిగా కొట్టి చేర్చారు. అప్పుడు పంపారు.

24 అక్టోబరు, బుధవారం

జానీ బీ మధ్యాహ్నం ఫోన్ చేసింది. పొద్దున్నే కాకుమాను నుంచి ఫోన్ వచ్చిందట. కూతురు రిసీవరు వాళ్ళమ్మకిచ్చిందట. ఆవిడా అబ్దుల్లాగారూ చాలాసేపు మాట్లాడుకున్నారట.

“ఏం మాట్లాడారు పిన్నీ?”

“ఏముంది టీచరమ్మా. నీళ్ళు ఎంత తాగనిస్తారు, నిమ్మకాయంత అన్నానికి ఏ కూర, ఉప్పు లేకుండా ఎలా తింటావు. అదే. నేను ఆయనకి ఎలా వండుతున్నానో చెప్పడానికి మధ్యలో ఫోన్ నాకిచ్చారు.”

“మరి డయాలసిస్‌కి?”

“పోయింది. మమ్మల్నందరినీ తిట్టుకుంటూ పోయింది.”